రెండోసారి పాడిన పగ్గం పాట

మౌక్తిక ద్వీపంలో ముత్యానికి ధర కట్టని మనిషి లేడు. జన్మలో సముద్రంలో కాలు తడపని సెట్టిగారు కూడా ముత్యాన్ని ఎండకు పట్టి చూసి, ఇది మేలురకం, ఇది కాదు అని ఇట్టే తేల్చేస్తాడు. కానీ ఆ ముత్యం నీళ్లలోంచి పైకొచ్చినప్పుడు తాడు ఎవరి చేతిలో ఉందని అడిగిన పుణ్యాత్ముడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. వాళ్లు అడగకపోతే పోనీ, మనం చెప్పుకుందాం.

ముత్యాల పడవలో ఎప్పుడూ ఒక జోడు ఉంటుంది. ఈతగాడు నడుముకు తాడు కట్టుకుని, కాలికి రాతిగుండు తగిలించుకుని అడుక్కి దిగుతాడు. ఆ తాటి రెండో కొస పడవలో ఒకరి చేతిలో ఉంటుంది. ఆ తాటినే పగ్గం అంటారు. పగ్గం పట్టిన మనిషి ఊరికే కూర్చోకూడదు. పాట పాడాలి, పాటకు సరిగ్గా తాటి మీద వేలితో తాళం వెయ్యాలి. ఆ తాళం తాటి వెంట దిగి కిందివాడి నడుముకు తగులుతుంది. పాట ఎంత అయిందో, తన ఊపిరి ఎంత మిగిలిందో అతను దాన్నిబట్టి తెలుసుకుంటాడు. పని అయితే మూడుసార్లు తాడు గుంజుతాడు. గుంజకపోయినా సరే, పాట అయిపోగానే పైవాళ్లు లాగెయ్యాలి.

ఈ జోడులో అన్నాచెల్లెళ్లు ఉండవచ్చు, బావామరుదులు ఉండవచ్చు. ఒకరి మొహం ఒకరు చూసుకోని దాయాదులు ఉన్నా ఎవరూ కాదనరు. మనసు ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు మాత్రం ఉండకూడదు. ఎందుకంటారా? ప్రేమించిన మనిషి పాట తొందరగా పాడేస్తుంది. కావాలని కాదు పాపం. గుండె పరుగెత్తితే వేలూ పరుగెత్తుతుంది. కిందివాడికి లెక్క తప్పుతుంది, చిప్ప మీద చెయ్యి పడేలోపే పైకొచ్చేస్తాడు. అందుకని పెద్దలు ఒక కట్టడి చేశారు. అనుమానం వస్తే తండేలు, అంటే పడవకు పెద్ద, ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి "మనసు పడిందా?" అని అడుగుతాడు. ఇద్దరూ నోటితో ఒప్పుకుంటే ఆ పగ్గాన్ని రెండు ముక్కలుగా కోసి చెరొకటి చేతిలో పెడతాడు. తరువాత వాళ్లు నిక్షేపంగా పెళ్లి చేసుకోవచ్చు, ఇంటినిండా పిల్లల్ని కనవచ్చు. ఒకే పడవ ఎక్కడానికి మాత్రం ఈ జన్మకు వీల్లేదు.

కేతకికి వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈతగాడు సారంగుడి పగ్గం పట్టింది మొదలు ఆమెకు వేరే లోకం లేదు. ఒప్పుకుంటే మనిషి తనవాడవుతాడు, అతని ప్రాణం మాత్రం ఇంకొకరి చేతికి పోతుంది. ఎవరి చేతికి? రేవులో మిగిలిన పగ్గపుమనుషుల్ని ఒక్కొక్కరినే తలుచుకుని చూసింది. ఒకడు కూర్చున్నచోటే కునుకు తీస్తాడు. ఇంకొకావిడ పాట మధ్యలో పక్కపడవతో కబుర్లు పెట్టుకుంటుంది. వాళ్ల చేతిలో సారంగుడి తాడా? అమ్మో! పెళ్లీ వద్దు, పేరంటమూ వద్దు అనుకుని నోరు కుట్టేసుకుంది.

కిందటి వేసవిలో ఒక్కసారి మాత్రం దొరికిపోబోయింది. పడవ పక్కన సొరచేప వీపు తేలింది. కేతకి వేలు తనమాట వినలేదు. సారంగుడు ఒట్టిచేతుల్తో పైకొచ్చి, పడవ అంచు పట్టుకుని ఆమెనే చూశాడు.

"ఓ చరణం మింగేశావు," అన్నాడు.

"ఆకలేసింది," అంది కేతకి.

అతను నవ్వలేదు. తండేలుకు చెప్పనూ లేదు. మర్నాటి నుంచి మాత్రం తాడు గుంజే తీరు మార్చాడు. రెండుసార్లు గుంజి, కాస్త ఆగి, అప్పుడు మూడోది గుంజేవాడు. ఆ కాస్తలో కేతకి ప్రాణం గొంతులోకి వచ్చేది. "ఏం, ఒకేసారి గుంజితే చేతులు అరుగుతాయా?" అని తిట్టింది. "నువ్వు చూస్తున్నావో లేదోనని," అన్నాడతను. అంతకుమించి ఇద్దరిలో ఒక్కరూ ఒక్క మాట జారలేదు.

ఇలా ఉండగా ద్వీపానికి పెద్ద ఆపద వచ్చిపడింది. మహారాజు కాలం చేశాడు. యువరాణి హేమప్రభ పున్నమినాడు సముద్రపుటొడ్డున నిలబడి, "ఈ నీరూ ఈ నేలా ఈ జనమూ నా పూచీ" అని తన నోటితో ప్రమాణం చేస్తే పట్టం కడతారు. ధూమనేత్రుడనే మాంత్రికుడు రాజగురువు వేషంలో కోటలో దూరి, ఆమె గొంతును దొంగిలించి ఒక శంఖంలో బంధించాడు. ఆ శంఖాన్ని నల్లసుడి అడుగున, జలరక్కసి గుహలో దాచాడు. ప్రమాణం చెయ్యలేని వారసురాలు ఏలడానికి పనికిరాదని, పున్నమి దాటితే సింహాసనం తనదేనని చాటింపు వేయించాడు. హేమప్రభ గంగపూజ వంకతో రేవుకు వచ్చి, తండేలు దానయ్య ముందు కాలి బొటనవేలితో ఇసుకలో శంఖాన్నీ సుడినీ గీసి, చేతులు జోడించింది. దానయ్య ముసలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ద్వీపం మొత్తం మీద నల్లసుడిలో దిగి బతికి బయటపడగల జోడు ఏదని వెతికితే ఆయనకు కనిపించింది ఒక్కటే.

రేపే పున్నమి.

తూర్పున వెలుగు విచ్చుకుంది. నీటి మీద మొదట బూడిదరంగు, ఆపైన గులాబి, ఆపైన కరిగిన బంగారం ఒకదాని మీద ఒకటి పరుచుకున్నాయి. ఎగిరే చేపలు వెండి రేకుల్లా లేచి పడుతున్నాయి. ఆ వెలుగులో ఒక పెళ్లి పడవ మెల్లగా సాగుతోంది. అంచు పొడుగునా మామిడి తోరణాలు, ముందు రెండు అరటిబోదెలు, చాప మీద పసుపు గుడ్డ. తెడ్డువాళ్లలో ఒకడు సన్నాయి ఊదుతున్నాడు, ఇంకొకడు డోలు వాయిస్తున్నాడు. పట్టుచీరలో కేతకి, నుదుట బాసికంతో సారంగుడు పక్కపక్కన కూర్చున్నారు. ఇది దానయ్య పన్నిన ఉపాయం. ముత్యాల పడవల్ని ధూమనేత్రుడు రేవులోనే కట్టిపడేయించాడు. పెళ్లి పడవను ఆపితే పాపమని కావలివాళ్లకూ భయమే కదా!

"కాస్త తల వంచు, పెళ్లికూతురివి. ఏదో పోట్లాటకి పోతున్నట్టు కూర్చున్నావ్," అన్నాడు సారంగుడు పెదవి కదపకుండా.

"నీ బాసికం వంకరగా ఉంది. ముందది చూసుకో," అంది కేతకి తల వంచుతూ.

పసుపు గుడ్డ కింద పగ్గం చుట్టలు చుట్టి ఉంది. కేతకి అరికాలు దాన్నే తాకుతూ ఉంది.

పగడపుదిబ్బ మలుపు తిరిగారో లేదో, నల్ల తెరచాప ఎత్తిన కావలినౌక ఎదురైంది. దాని కొయ్య మీద కూర్చున్నదాన్ని చూడగానే సన్నాయివాడికి ఊపిరి ఆగింది. పొగకాకి! ధూమనేత్రుడు హోమగుండం పొగతో చేసిన పక్షి అది. రెక్క విదిలిస్తే మసి రాలుతుంది. నోటిమాట ఒకటీ మనసులో ఇంకొకటీ అయితే చాలు, కావుమని అరుస్తుంది. అది అరిచిందా, ఆ మనిషి తల తెగినట్టే. ద్వీపంలో దాని సంగతి తెలియని పసిపిల్లలు కూడా లేరు.

"ఎవరది? ఆపండి!" బుర్రమీసాల నాయకుడు కేకేశాడు.

"ఆపాం బాబూ. మీరు ఆపమంటే ఆపకుండా పోతామా?" అన్నాడు దానయ్య.

"ఎటు పోతున్నారు?"

"సముద్రం మీదకే బాబూ."

"పెళ్లి పడవేనా?"

"అరటిబోదెలు కట్టుకుని, సన్నాయి ఊదుకుంటూ చేపలకి పోతామా దొరా?"

కాకి ఒంటికన్నుతో దానయ్యను చూసింది. ముసలాయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. అది ముక్కు మూసుకుంది.

నాయకుడు నవ్వి, పెళ్లికూతురి చేత్తో తాంబూలం ఇప్పించమన్నాడు. కేతకి లేచి ఇచ్చింది. చెయ్యంతా గోరింటాకు దట్టంగా పట్టించినా, పగ్గం లాగి కాచిన కాయలు ఎక్కడికి పోతాయి? నాయకుడి వేళ్లకు అవి గరగరా తగిలాయి.

"ఇదేం చెయ్యమ్మా? రంపంలా ఉంది!"

"మా అమ్మకి అలాంటి చెయ్యే నచ్చుతుంది దొరా," సారంగుడు అందుకున్నాడు. "మెత్తటి చేతులవాళ్లని ఇంట్లోకి రానివ్వనని ఎప్పుడో చెప్పింది."

ఆ మాట నిజమే. కాకి కదల్లేదు. భటులు గొల్లున నవ్వారు. అంతటితో పోనిస్తే బాగుండును, నాయకుడికి సరదా పుట్టింది.

"కొత్త దంపతులు ఇంటి గడప దగ్గర పేర్లు చెప్పాలా వద్దా? ఆడపడుచులు అడ్డం నిలబడి చెప్పిస్తారా లేదా? ఈ నీళ్లకి గడప మేమే. పేర్లు చెప్పండి, దారి వదుల్తాం. ముందు పెళ్లికొడుకు!"

దానయ్య మొహం పాలిపోయింది. ప్రశ్నకు ప్రశ్న వేసి తప్పించుకునే వీలు ఇక లేదు. ఉన్నవాళ్లందరి తలలూ ఇప్పుడు ఒక్క మాట మీద నిలబడ్డాయి. తెడ్డువాళ్లు తెడ్ల కింద దాచిన కత్తుల మీదకి చేతులు పోనిచ్చారు.

సారంగుడు లేచి నిలబడ్డాడు. ఒకసారి కేతకి వైపు చూశాడు. నీళ్లలోకి దూకేముందు గుండెల నిండా గాలి పీల్చుకుంటాడే, అలాగే పీల్చుకున్నాడు.

"నేనూ, మా ఆవిడ కేతకీ వచ్చాం. దారి ఇవ్వండి," అన్నాడు స్పష్టంగా.

కాకి మెడ సాచింది. అటు తిప్పి, ఇటు తిప్పి అతన్ని చూసింది. రెక్క విదిలించి ఇంత మసి రాల్చింది.

అరవలేదు.

కేతకికి అరిస్తే చచ్చిపోతామన్న భయం ఒకపక్క, అరవనందుకు పొంగుకొస్తున్న సంతోషం ఒకపక్క. ఎన్నాళ్ల నుంచి? అని అడగాలనిపించింది. ఎవర్ని అడుగుతుంది? ఎదురుగా నల్ల నౌక, దాని మీద అరడజను బరిసెలు.

"ఇప్పుడు పెళ్లికూతురు!" అన్నాడు నాయకుడు.

"నేనూ..." అని ఆగింది కేతకి.

"సిగ్గే! సిగ్గే!" భటులు తెడ్లు కొట్టారు.

తను చెప్పి, కాకి ఊరుకుంటే ఇక దాచడానికి ఏమీ మిగలదు. అతనికి తెలిసిపోతుంది. పక్కనే నిలబడ్డ తండేలుకూ తెలిసిపోతుంది. తెలిస్తే తెలియనీ అనుకుంది కేతకి. తల ఎత్తింది.

"నేనూ, మా ఆయన సారంగుడూ వచ్చాం. దారి ఇవ్వండి."

పొగకాకి ఆవులించింది. తల రెక్కలో దూర్చుకుని నిద్రపోయింది.

"పిల్లాపాపల్తో చల్లగా ఉండండి!" నాయకుడు చెయ్యెత్తి దీవించాడు. నల్లనౌక పక్కకు తప్పుకుంది. సన్నాయివాడికి ఊపిరి తిరిగొచ్చింది గానీ, రాగం మాత్రం చాలాసేపు వణికింది.

గాలి అనుకూలంగా ఉంది. నీళ్లు పడవ అడుగున గలగలమంటున్నాయి. దానయ్య చుక్కాని దగ్గర కూర్చుని, కావాలని అటు తిరిగి ఆకాశాన్ని చూస్తున్నాడు. కేతకి సారంగుడి నుదుటి బాసికం విప్పింది. దాని దారం ముడి పడి ఓ పట్టాన రాలేదు. ఆమెకు తొందరా లేదు.

"కాకి అరవలేదు," అన్నాడతను నెమ్మదిగా.

"జలుబు చేసిందేమో."

"రెండుసార్లూ జలుబేనా?"

కేతకి తడి గుడ్డతో అతని నుదుటి మీది కుంకుమ తుడిచింది.

"పైకొచ్చాక నీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు సారంగుడు.

"వద్దు. చెప్పావంటే తాడు కోస్తారు. నీ తాడు ఇంకొకరికి ఇచ్చి నేను ఒడ్డున కూర్చోలేను. నావల్ల కాదు సారంగా."

"నేను మాత్రం ఇంకొకరి తాళానికి దిగుతానా? అయినా చెప్తాను. ఇవాళ పొద్దున నోరు తిరిగింది కదా, ఇక ఊరుకోనంటోంది."

ఆమె పగ్గాన్ని అతని నడుముకు కట్టి, ముడిని రెండుసార్లు లాగి చూసింది. అది రోజూ చేసే పనే. ఇవాళ మాత్రం చేతులు ఆ ముడి దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండిపోయాయి.

నల్లసుడి వచ్చింది. చుట్టూ సముద్రం నెమలిపింఛం రంగులో తళతళలాడుతుంటే, నడుమ మాత్రం కాటుక కరిగించి పోసినట్టు గుండ్రటి నలుపు. దాని అంచున నురుగు లేదు, చప్పుడు లేదు, అల లేదు. ఎగిరే పక్షి నీడ కూడా దాని మీద పడటం లేదు. ఆ నలుపు మెల్లగా, తీరిగ్గా, తిరగలి తిరిగినట్టు తిరుగుతోంది. తెడ్డువాళ్లు పడవను అంచున నిలిపి లంగరు వేశారు.

సారంగుడు రాతిగుండు కాలికి తగిలించుకున్నాడు.

"కేతకీ, ఒక్క సంగతి. నేను గుంజేదాకా లాగకు."

"పాట అయిపోతే?"

"అయిపోయినా లాగకు. ఒకే రోజు మళ్లీ దిగడానికి ఈ సుడి ఒప్పుకోదు. మాటివ్వు."

"ఇచ్చాను," అంది కేతకి. ఆ మాట ఇవ్వడానికి ఆమెకు ఎంత కష్టమైందో గంగమ్మకే తెలియాలి.

అతను దూకాడు. నలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

పగ్గం సరసరా జారిపోతోంది. కేతకి వేలు తాటి మీద పడింది, గొంతు లేచింది.

"దిగినాడు దిగినాడు మా ఇంటివాడు,
గంగమ్మ గడపలో కాలు పెట్టాడు,
ఆకలికి అడిగేడు, ఆశకు కాదు,
చాలినంత ఇచ్చి తోలవే తల్లీ..."

గుండె దడదడలాడుతోంది. వేలు దానివెంట పడి పరుగెత్తబోయింది. కేతకి పళ్లు బిగించి దాన్ని ఆపింది. నెమ్మది. ఇంకా నెమ్మది. ఒక్కొక్క మాటనూ సాగదీసి, ఒక్కొక్క దెబ్బనూ లెక్కగా వేసింది. ప్రేమించిన మనిషి పాట తొందరగా పాడుతుందన్న పెద్దలు ఆ పూట అక్కడ ఉంటే, ఈ పిల్లకు ఆ ఈతగాడంటే బొత్తిగా గిట్టదని తీర్పు చెప్పి వెళ్లిపోయేవారు. ఆమె కళ్ల నుంచి మాత్రం నీళ్లు ధారగా కారుతున్నాయి.

తాడు ఒక్కసారి బిగిసింది. మూడు గుంజులు. టక, టక, టక.

"లాగండ్రా!" దానయ్య అరిచాడు. తెడ్డువాళ్లు ఎగిరి తాడు అందుకున్నారు.

"ముట్టుకోకండి!" కేతకి తాటిని ఒళ్లోకి లాక్కుంది. "అది అతను కాదు తాతా!"

"మూడుసార్లు గుంజాడు కదే!"

"మూడూ ఒక్క బిగిని వచ్చాయి. సారంగుడు మూడోదానికి ఆగుతాడు. ఇంకెవరో గుంజుతున్నారు."

"నీకెలా తెలుసే?"

"నాకు తెలుసు."

దానయ్య ఆమె మొహం చూశాడు. తెడ్డువాళ్లకు చెయ్యి ఊపాడు, వాళ్లు వెనక్కి తగ్గారు. కింద ఉన్నదేదో మళ్లీ గుంజింది. ఈసారి కోపంగా, పడవ ఒక పక్కకు ఒరిగేలా గుంజింది. తోరణాలు తెగి నీళ్లలో పడ్డాయి. అరటిబోదె విరిగి సుడిలో గిర్రున తిరిగి మాయమైంది. కేతకి పడవ పక్కకు కాళ్లు తన్నిపెట్టి, తాళం తప్పకుండా పాడుతూనే ఉంది. అరచేతిలో పాత కాయలు చిట్లి, గోరింటాకు ఎరుపులో రక్తం ఎరుపు కలిసింది. కాసేపటికి ఆ గుంజుడు ఆగిపోయింది.

పాట మాత్రం అయిపోవచ్చింది.

ఎంత సాగదీస్తే మాత్రం ఎంతసేపు వస్తుంది? ఆఖరి మాట ఆమె నోటి నుంచి జారింది. తాడు ఉలుకూ పలుకూ లేకుండా వేలాడుతోంది. ద్వీపంలో ఎంత ఊపిరిగల ఈతగాడికైనా ఆ పాటే హద్దు. దాన్ని రెండోసారి పాడటం ఒక్కప్పుడే ఉంది. దిగినవాడు ఇక రాడని తేలాక, పగ్గాన్ని నీళ్లలోకి వదిలేస్తూ పాడతారు.

దానయ్య తలపాగా తీసేశాడు. "తల్లీ..." అన్నాడు.

కేతకి తాటిని చెంపకు ఆనించుకుంది. అందులో ప్రాణం ఉందా? ఉన్నట్టే ఉంది. లేనట్టే ఉంది. లాగేస్తే? కనీసం మనిషి దక్కుతాడేమో! చేతులు లాగమంటున్నాయి. ఇచ్చిన మాట వద్దంటోంది. అతను ఎన్నడూ తన తాళాన్ని శంకించలేదు. ఈ ఒక్కపూట అతని మాటను తను శంకించనా? కళ్లు మూసుకుంది. వేలు తాటి మీద పెట్టింది.

"దిగినాడు దిగినాడు మా ఇంటివాడు..." రెండోసారి మొదలుపెట్టింది.

తెడ్డువాళ్లు మొహాలు తిప్పుకున్నారు. ఆ పాట రెండోసారి వింటే ఏడుపు ఆగదు ఎవరికైనా. కేతకి మాత్రం ఏడుపు పాటగా పాడలేదు. రోజూ పొద్దున్నే పనిలోకి దిగేటప్పుడు ఎలా పాడుతుందో అలాగే, అదే నిదానంతో, అదే తాళంతో పాడింది. మొదటి చరణం అయింది. రెండోది అయింది. సుడి తీరిగ్గా తిరుగుతూనే ఉంది.

తాడు కదిలింది.

ఒకటి. రెండు.

కేతకి పాట ఆపేసింది. లోకం మొత్తం ఆగిపోయింది.

మూడు.

"వాడే!" అని అరిచింది. "దొంగ సచ్చినోడు, వాడే! లాగండి!"

అందరూ మీదపడి లాగారు. తడి పగ్గం చుట్టలు చుట్టలుగా పడవలో పడుతోంది. నలుపు చీలి సారంగుడి తల పైకొచ్చింది. మొహం నీలంగా ఉంది. చేతిలో తలగుడ్డలో చుట్టిన మూట ఉంది. ఇద్దరు చంకల కింద చేతులు వేసి పడవలోకి ఎత్తారు. కేతకి అతని వీపు మీద చరిచింది, ఉప్పునీళ్లు కక్కించింది, చెంపలు పట్టుకుని ఊపింది.

"మూడోదానికి అంతసేపా? ఇవాళ కూడానా? నా ప్రాణాలు తోడెయ్యడానికే పుట్టావా? ఏం, మాట్లాడవేం?"

సారంగుడు నవ్వాడు. నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు.

మళ్లీ తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు మూటలో నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. మృదువుగా ఉంది గానీ, నలుగురికి ఆజ్ఞలిచ్చి అలవాటుపడ్డ గొంతు. "కేతకివి నువ్వేనా అమ్మా?"

దానయ్య మూట విప్పాడు. పాలరంగు శంఖం ఒకటి ఎండలో మెరిసింది. గొంతు దాని లోపలి నుంచే వస్తోంది. ముసలాయన గబగబా దండం పెట్టాడు. "యువరాణీ! హేమప్రభాదేవీ!"

"నేనే తండేలూ. ఈ అమ్మాయికి నేను జవాబు చెప్పుకోవాలి. ఆ గుహలో గాలి ఉంది, అందుకే ఇతను బతికాడు. జలరక్కసి ముందు మీ తాడు గుంజి, ఇతన్ని ఒట్టిచేతుల్తో పైకి పంపెయ్యాలని చూసింది. అది పారలేదు. అప్పుడు బేరానికి దిగింది. ఒక గొంతు తీస్తే ఇంకో గొంతు పెట్టాలంది. ఇతను తనది తీసి అక్కడ పెట్టాడు."

కేతకి సారంగుణ్ణి చూసింది. అతను తప్పు చేసినవాడిలా కళ్లు దించుకున్నాడు. పైకొచ్చాక ఒక మాట చెప్తానన్నాడు కదా! ఆ మాట ఇప్పుడు ఎక్కడో అడుగున, చీకటిగుహలో, ఏదో చిప్పలో పడి ఉంది. కేతకికి దుఃఖం కట్టలు తెంచుకుంది. అతని తడిజుట్టు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడవకమ్మా," అంది శంఖంలో గొంతు. "రక్కసి ఇంకో మాట కూడా అంది. ధూమనేత్రుడి గొంతు తెచ్చి ఆ గుహలో పెడితే, ఇతనిది ఇతనికి ఇచ్చేస్తుందట. ఆ మాంత్రికుడి బలమంతా మంత్రం చదివే గొంతులోనే ఉంది. రేపటి ప్రమాణం నేను చూసుకుంటాను. తరువాత వాడి గొంతు పట్టుకొచ్చి, ఇతను మళ్లీ ఈ సుడిలోకి దిగాలి."

"దిగితే పగ్గం ఎవరు పడతారు?" అన్నాడొక తెడ్డువాడు. అని నాలుక కరుచుకున్నాడు. అందరూ దానయ్య వైపు చూశారు.

ముసలాయన నడుములోంచి కత్తి తీశాడు. కట్టడి కట్టడే. పొద్దున కాకి దగ్గర ఏం జరిగిందో చూశాడు, ఇప్పుడు జరిగిందీ చూశాడు. చూడనట్టు ఊరుకుంటే తండేలు కాడు. ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టాడు. తడి పగ్గం ఇద్దరి మధ్యా ఉంది.

"కేతకీ, మనసు పడిందా?"

"పడింది," అంది కేతకి. "ఎప్పుడో పడింది. కోస్తే కొయ్యి తాతా. అబద్ధం మాత్రం ఆడను."

"సారంగా, మనసు పడిందా?"

సారంగుడు నోరు తెరిచాడు. తల ఊపాడు, గుండె మీద కొట్టుకున్నాడు, కేతకిని చూపించాడు, చేతులు రెండూ చాచాడు. పాపం, ఎన్ని చేసినా చప్పుడు రాలేదు.

దానయ్య చాలాసేపు ఎదురుచూశాడు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ విన్నాడు. ఆ ముడతల మొహంలో ఏదో మెరిసింది.

"ఇద్దరూ నోటితో ఒప్పుకోవాలని కదరా కట్టడి?" అన్నాడు తెడ్డువాళ్ల వైపు తిరిగి. "వీడు ఒప్పుకున్నాడా? మీకేమైనా వినపడిందా?"

"మాకేం వినపడలేదు తండేలూ!" అన్నారు వాళ్లు ఒక్క గొంతుతో.

"పొద్దున భటుల దగ్గర చెప్పింది వేషం. అది లెక్కలోకి రాదు. కాకి సాక్ష్యం మన కట్టడిలో లేదు. వీడి గొంతు వీడికి వచ్చాక మళ్లీ అడుగుతాను. అప్పటిదాకా ఈ జోడు జోడే." కత్తి నడుములో దోపుకున్నాడు.

శంఖంలో ఎవరో మెల్లగా నవ్వారు.

సరిగ్గా అప్పుడే ఉత్తరాన నీళ్లూ ఆకాశమూ కలిసేచోట నల్లచుక్కలు లేచాయి. నల్ల తెరచాపలు. వాటి పైన మసి మేఘంలా ఏదో గిరగిరా తిరుగుతూ అరుస్తోంది. నిద్ర లేచిన పొగకాకి ఇన్ని అబద్ధాలు ఎక్కడి నుంచి వాసన పట్టిందో మరి!

"లంగరు తియ్యండి! తెడ్లు!" దానయ్య చుక్కాని మీద పడ్డాడు. పడవ ఒక్క ఊపున ముందుకు దూకింది. సారంగుడు ముందుకు ఉరికి ఒక తెడ్డు అందుకున్నాడు. నడుముకు కట్టిన ముడి విప్పడానికి తీరికెక్కడిది? కేతకి వెనక కూర్చుని శంఖాన్ని ఒడిలో దాచుకుంది. పగ్గం కొస ఇంకా ఆమె చేతికే చుట్టుకుని ఉంది.

అతను తెడ్డు వేస్తున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఒక చెయ్యి మాత్రం తెడ్డు వదిలి నడుము దగ్గరికి వచ్చింది.

తాడు కదిలింది. ఒకటి. రెండు.

ఆగిపోయింది.

కేతకి ఈసారి ఎదురుచూడలేదు. మూడోది తనే గుంజింది.